కరకరల తాత, గాలిమూకుడు

…ఇవ్వను గాక ఇవ్వనే గౌరీ. నువ్వెన్ని చెప్పు. పాతవిస్తే కొత్తవిస్తామంటున్నారు కదా నీ షాపోళ్ళు, ఆ కుక్కరు పట్టుకెళ్ళమను. మిక్సీ పట్టుకెళ్ళమను. కావాలంటే నన్ను కూడా ఎత్తుకెళ్ళి అద్దాల వెనకాల కూకోబెట్టమను. గాలిమూకుడు జోలికి మాత్రం రావద్దు. గీత పడితే ఏటి? నా మొహం మీద లేవా గీతలు?

ఓ, వచ్చేవా అమ్మలూ. రా రా. కాళ్ళు తుడుచుకుని ఎక్కు. ఆ చల్లటి కాళ్ళు నా పొట్టకి తగిలించేవంటే చూడు.

ఏటి, మీ అమ్మని కేకలేస్తున్నానా? కేకలు కాదమ్మా. ఆ మూకుడు ఎందుకివ్వవని అడుగుతోంది. నువ్వూ అడుగుతావా? అయితే కథ చెప్తాను, ఊ కొట్టు. నువ్వు ఊ కొట్టడం మానేస్తే కథ అక్కడే చతికిలపడిపోతాది.

గౌరీ, నువ్వెళ్ళి గిన్నెలు సర్దుకోవే. ఇది పిల్లకి చెప్పే కథ.

అనగనగా, గాలికి కూడా బెల్లం వాసనుండే ఒక ఊళ్ళో, ఒక తాత ఉండేవాడు.

ఆయన పేరా? పేరు నేను చెప్పకూడదు. ఎందుకంటే, చెప్పకూడదంతే. నీకు పేరు కావాలంటే కరకరల తాత అనుకో.

ఎందుకు కరకరల తాతంటే, ఆయన కంచంలో కరకరలాడేది ఏదో ఒకటి ఉండాలి. పప్పుండనీ, పులుసుండనీ, చేపలకూరే ఉండనీ. పక్కన కరకరలాడే ముక్క లేకపోతే ముద్ద గొంతు దిగదు. చలివిడి పెట్టినా పక్కన అప్పడం ఏదని అడిగేవాడు. అంత పిచ్చి.

ఆయన బెల్లం మార్కెట్లో పని చేసేవాడు. పొద్దుటేల వెళ్ళి దిమ్మలు బళ్ళకెత్తేవాడు. మజ్జానం ఇంటికొచ్చి, చేతులకంటిన బెల్లం కడుక్కుని, వసారాలో పీటేసుకుని కూకునేవాడు.

ఆయన పెళ్ళానికి ఏడాది పొడుగునా ఒకటే పని. ఒరుగులు ఎండబెట్టడం. ఒరుగులంటే తెలీదూ? కాకరకాయలు చక్రాల్లాగ కోసి, ఉప్పూ పసుపూ వేసిన పుల్లమజ్జిగలో నానేసేది. పొద్దున్న తీసి ఎండలో పరిచేది. సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో వేసేది. మజ్జిగంతా ముక్కే తాగేసేదాకా అలాగ. అప్పుడు ముక్క ఎండి, చేత్తో కలిపితే గాజుల్లాగ గలగలమనేది. కాగిన నూనెలో వేస్తే పువ్వులాగ విచ్చుకునేది.

చేదా? చేదు ఉండదమ్మా. పుల్లమజ్జిగ లాగేస్తాది. కొంచెం ఉంటాది. ఆ కొంచెం ఉండాలి.

ఆయన వసారాలో తినేవాడు. ఆవిడ వంటింటి తలుపు వెనకాల నించునేది. ఎదురుగా కూకుని కబుర్లాడుకోవడాలు అవీ అప్పట్లో లేవు. సిగ్గు. మరి కూర బాగుందో లేదో ఆవిడకెలా తెలుస్తాది? చప్పుణ్ణి బట్టి. కరకర, కరకర అని గబగబా వినపడితే కూర నచ్చినట్టు. కరక్కుమని, ఆగి, మళ్ళీ కరక్కుమంటే మార్కెట్లో ఏదో గొడవైనట్టు. చప్పుడు మొత్తం ఆగిపోతే మజ్జిగ తెమ్మన్నట్టు. ఆవిడ మజ్జిగ గిన్నె పట్టుకుని వెళ్ళేది. ఆయన తలెత్తకుండా కంచం జరిపేవాడు. అదే వాళ్ళ మాట, అదే వాళ్ళ ముచ్చట.

మరి ఆవిడ తినదా అంటావా? తినేది. ఆయన తిని లేచేక. గాని ఆవిడ చప్పుడు ఎవరికీ వినపడేది కాదు.

అదెలాగంటే, ఆవిడ కొత్తగా కాపరానికొచ్చినప్పుడు మొదటిరోజే ఒరుగు కొరికింది. కరక్కుమంది. అత్తగారు పక్కనే ఉన్నాది. "కోడలు నమిలితే వీధిలోకి వినపడకూడదమ్మా" అంది. కోప్పడలేదు పాపం, మెల్లిగానే అంది. అప్పట్నించి ఆవిడ ఒరుగుల్ని మజ్జిగన్నంలో కప్పెట్టి, మెత్తబడ్డాక తినేది. అత్తగారు పోయేరు. ఇల్లు మారేరు. ఆవిడ మాత్రం ఒరుగులు నానబెట్టుకునే తినేది.

ఊ కొట్టవేటి? ఉన్నావా? ఆ.

అలాగ ఉండగా ఉండగా, ఒకరోజు తాత బెల్లం దిమ్మ దించుతూ ఛాతీ పట్టుకుని కూలబడిపోయేడు. పక్కనున్నోళ్ళు ఆటోలో వేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేరు. దేవుడి దయవల్ల బతికేడు. పంపించేటప్పుడు డాక్టరమ్మ ఆవిడని పిలిచి మూడు మాటలు చెప్పింది. బరువులెత్తకూడదు. ఉప్పు తగ్గించాలి. నూనెలో వేపినవి ఇంటికే రాకూడదు.

అప్పుడు ఆవిడ ఇంటికొచ్చి మూకుడు కడిగి అటకెక్కించేసింది. డబ్బాలో ఒరుగులుంటే ఉప్పెక్కువని వీధిలో అందరికీ పంచేసింది.

ఆ తర్వాత ఇంట్లో చప్పుడు ఆగిపోయింది.

తాత కంచం ముందు కూకునేవాడు. నాలుగు మెతుకులు కెలికేవాడు. "ఆకలి లేదే" అని చెయ్యి కడిగేసుకునేవాడు. ఆవిడ కూర ఉడకేసి పెట్టింది, తినలేదు. పులుసు పెట్టింది, తినలేదు. నువ్వులపచ్చడి నూరింది, వేలితో నాకి ఊరుకున్నాడు. తలుపు వెనకాల నించుంటే ఏటీ వినపడదు. తింటున్నాడో, లేచిపోయేడో కూడా తెలీదు. మనిషి రోజురోజుకీ తగ్గిపోయేడు. చేతి గడియారం మోచేతి దాకా జారిపోయేది. డాక్టరమ్మ చూసి, "మందులెన్ని మింగితే ఏం లాభం, ఇలాగ తినకపోతే మనిషి నిలబడడు" అంది.

ఆ మాట విన్న దగ్గర్నించి ఆవిడకి కంటిమీద కునుకు లేదు.

వాళ్ళకొక కూతురుండేది. మిక్సీలూ ఫ్రిజ్జులూ అమ్మే షాపులో పని చేసేది. ఆ షాపులో అద్దాల వెనకాల చూపుకి పెట్టిన మిషన్ ఒకటుండేది. పక్కన గీత పడిందని ఎవరూ కొనట్లేదు. షాపాయన దాన్ని ఆ పిల్లకి ఇచ్చేసేడు. అప్పుడా పిల్ల దాన్ని చంటిపిల్లలాగ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికి తెచ్చింది.

"అమ్మా, ఇది ఎయిర్ ఫ్రయర్. నూనె అక్కర్లేదు, గాలికే వేగిపోతాయి."

"గాలికి బట్టలారతాయి గాని కూరలు వేగుతాయేటే?"

"వేడిగాలమ్మా."

"ఎండాకాలం మన వీధిలోనూ వేడిగాలే. ఒక్క వంకాయైనా వేగిందా?"

అంది గాని, ఆశ ఎక్కడికి పోతాది. మిషన్ కి గాలిమూకుడని పేరెట్టి, పసుపు రాసి బొట్టు పెట్టింది. కొబ్బరికాయ కొట్టబోతే కూతురు చెయ్యి పట్టుకుంది. బుట్ట బయటికి లాగితే ఆవిడ చెయ్యి అలవాటు చొప్పున నూనె డబ్బా మీదికి పోయింది. "అమ్మా!" అని మళ్ళీ చెయ్యి పట్టుకుంది. వసారాలోంచి తాత, "దానికి పెళ్ళి చేస్తున్నారా, వంట చేస్తున్నారా?" అన్నాడు.

అప్పుడు ముందు బంగాళాదుంపలు కోసింది. కడిగి, నీళ్ళు ఓడుతుండగానే వేసేసింది. ఎన్ని వేసింది? బుట్ట నిండా, కుంభంలాగ. మూకుడులో పట్టినన్ని వేసే చెయ్యి కదా. మిషన్ బుర్రుమంది. తర్వాత టింగుమంది. తీసి చూస్తే ముక్కలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉడికిపోయేయి. తాత ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఆవిడ తలుపు వెనకాల చెవి పెట్టింది. ఏటీ లేదు.

"చెవితమ్మి నమిలినట్టుందే" అన్నాడు తాత. చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ తర్వాత అరటికాయ తెచ్చింది. ఈసారి బట్టతో తడి అద్దింది. కాయితంలాగ పల్చగా కోసింది, కొన్నే వేసింది. తల్లీ కూతుళ్ళిద్దరూ మిషన్ ముందు బాసింపట్టేసుకుని కూకున్నారు. లోపల గాలి మొదలవగానే ఆ ముక్కలు సీతాకోకచిలకల్లాగ లేచేయి. లేచి, పైన ఎర్రగా కాలిన కరెంటు తీగచుట్టకి అంటుకుపోయేయి. గుప్పుమని పొగ. ఇల్లంతా పొగ. కళ్ళు మంటలు.

తాత బిందెడు నీళ్ళెత్తుకుని పరుగెత్తుకొచ్చేడు.

"నాన్నా, కరెంటు! పొయ్యకు!"

ఎత్తిన బిందె ఎత్తినట్టే నించుండిపోయేడు. ఆయాసం. కూతురు బిందె లాక్కుంది. ఆవిడ ప్లగ్గు పీకింది. బరువులెత్తొద్దంటే బిందెత్తేడని ఆవిడ నెత్తి కొట్టుకుంది.

తాత మెల్లిగా గోడకి ఆనుకుని కూకున్నాడు. "నా గుండె దానంతటది ఆగకపోతే మీరే ఆపేసేలాగున్నారు" అన్నాడు. కూతురు నవ్వింది. ఆయనా కొంచెం నవ్వేడు. నవ్వి, అప్పుడన్నాడు, "ఇంక నా కోసం ఏటీ చెయ్యకండే. చప్పుడు లేని కూడు అలవాటు చేసుకుంటాను. ఎన్నాళ్ళులే."

ఎన్నాళ్ళులే అన్నాడు చూడూ, ఆ మాట ఆవిడకి పొగ కన్నా ఎక్కువ మండింది.

ఆ సాయంత్రం ఆవిడ మెట్టు మీద కూకుని బుట్టకంటిన మసి గీకుతోంది. గీకుతూ గీకుతూ ఉంటే, చచ్చి స్వర్గానున్న అత్తగారి మాట గుర్తొచ్చింది. ఒరుగులు పెట్టేటప్పుడు ఆ ముసలావిడ అంటూ ఉండేది, "ఎండ తిన్న ముక్కే పలుకుతాదే కోడలా. ముందు ఎండ తినాలి, తర్వాత మనిషి తినాలి" అని.

అప్పుడు ఆవిడ గీకడం ఆపేసింది. కొత్త మిషనొచ్చిందని ఎండ సంగతే మర్చిపోయేం కదా అనుకుంది.

మర్నాడు కాకరకాయలు తెచ్చింది. మరీ పల్చన కాదు, మరీ మందం కాదు, మీ అమ్మ చెవికమ్మలంత మందం కోసింది. ఉప్పు చిటికెడే. దానికి బదులు మజ్జిగ బాగా పులియబెట్టింది. రాత్రంతా నానేసింది.

గాని ఏం లాభం? శ్రావణమాసం. ముసురు. ఎండే లేదు.

అప్పుడు ఆవిడ పళ్ళెం పట్టుకుని ఎండ వెనకాల తిరిగింది. పొద్దున్న కాస్త ఎండ పెరటి గోడ మీద పడితే పళ్ళెం అక్కడ పెట్టింది. ఆ ఎండ జారి వీధిలో ఎవరిదో స్కూటర్ సీటు మీదికెళ్తే పళ్ళెం సీటు మీద పెట్టింది. ఆ తర్వాత అది పక్కింటోళ్ళ మేడెక్కితే ఆవిడా మేడెక్కింది. ఆ ఎండకీ ఆవిడకీ దాగుడుమూతలే.

ఒకరోజు పళ్ళెం స్కూటర్ మీదుండగా చినుకొచ్చిందని ఆవిడ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి, స్కూటర్ దగ్గర తాత నించుని ఉన్నాడు. ఎన్నాళ్ళయిందో ఆయన వీధిలోకొచ్చి. చేతిలో గొడుగుంది. గొడుగు పళ్ళెం మీద పట్టేడు, ఆయన తడుస్తున్నాడు.

"కాకులు తినేస్తాయని వచ్చేనే" అన్నాడు. అక్కడ ఒక్క కాకి లేదు.

అలాగ ముక్కలు వాడి, ముడుచుకుని, అంచులు లేచేదాకా ఎండబెట్టింది. ఒరుగంత గట్టిగా ఎండలేదు. ఆ మిగిలింది గాలిమూకుడు చూసుకుంటాదిలే అనుకుంది.

అప్పుడు అరచేతికి ఒక్క చుక్క నూనె రాసుకుంది. ఆ చేత్తో ముక్కల్ని నిమిరింది, పసిపిల్ల తలకి రాసినట్టు. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా బుట్టలో పేర్చింది. మళ్ళీ ఎగిరిపోకుండా వేడిగిన్నెలు దించుకునే చిన్న ఇనప స్టాండు తీసి ముక్కల మీద బోర్లించింది. కూతురు చూసి, "అమ్మా, ఇది షాపులో మాకూ ఎవరూ చెప్పలేదే!" అంది. "మీకు చెప్పడానికి మీ ముక్కలు ఎగిరేయేటి? మావి ఎగిరేయి" అంది ఆవిడ.

బుర్రుమంది. టింగుమంది.

కంచంలో అన్నం, పప్పు, పక్కన నాలుగు కాకరముక్కలు. పెట్టేసి ఆవిడ తలుపు వెనక్కి వచ్చేసింది. కళ్ళు మూసుకుంది. అన్నం కలుపుతున్నట్టు వదులైన చేతి గడియారం కంచానికి తగిలింది. ముద్ద పెట్టుకున్నట్టుంది. ఏటీ లేదు. ఏటీ లేదు. ఆవిడ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వినపడింది.

కరక్.

కాసేపు ఆగింది. తాతకే నమ్మకం కలగలేదేమో.

ఆ తర్వాత కర, కర, కరకర, కరకర, కరకర!

వంటింట్లో ఆవిడ నోరు మూసుకుని ఏడ్చింది. కూతురు ఏడ్చింది. చప్పుడు మొత్తం ఆగేక ఆవిడ మజ్జిగ గిన్నె పట్టుకెళ్ళింది. ఆయన తలెత్తలేదు. కంచం జరిపేడు, అంతే. కంచంలో ఒక్క మెతుకు లేదు.

ఆ తర్వాత తాత కోలుకున్నాడు. గడియారం మళ్ళీ మణికట్టు దగ్గరికొచ్చింది. కాకర అయ్యేక దొండ, దొండ అయ్యేక చేమదుంప, అన్నీ ఎండ తిన్నాయి, గాలి తిన్నాయి, తాత పళ్ళకింద పలికేయి. ఆయన పళ్ళెం కాపలా ఉద్యోగంలో చేరిపోయేడు. ఎన్ని ఆవకాయలు పెట్టుకున్నారో, ఎన్ని శ్రావణమాసాలు ఎండ వెనకాల తిరిగేరో. కూతురికి పెళ్ళయ్యింది. ఒక మనవరాలు పుట్టింది. దానికి పళ్ళు రాకముందే తాత దాని చేతికి కాకరముక్క ఇచ్చేవాడు. అది చీకి చీకి మొహమంతా పూసుకునేది.

నవ్వుతావేటే? నువ్వు కాదులే. కథలో పిల్ల.

అప్పుడు ఒక మజ్జానం. కూతురు షాపుకెళ్ళింది. మనవరాలు ఉయ్యాల్లో పడుకుంది. తాత అన్నం తింటున్నాడు. కరకర నమిలి, ఉన్నట్టుండి వంటింటి వైపు కేకేసేడు.

"ఏమే, నీకు నచ్చవేటి ఇవి?"

"నచ్చకేం? రోజూ తింటాను."

"మరి నీ చప్పుడు ఒక్కనాడూ వినలేదే నేను?"

అప్పుడు ఆవిడ తలుపు వెనకాల్నించే చెప్పింది, మజ్జిగన్నంలో నానబెట్టుకుంటానని. అత్తగారి మాట చెప్పింది. చప్పుడు ఆగిపోయింది. మజ్జిగ తెమ్మన్నాడేమో అని ఆవిడ గిన్నె అందుకుంది.

గిన్నె అందుకుని తిరిగేసరికి ఆయనే ఎదురుగా ఉన్నాడు. ఒక చేత్తో కంచం, ఒక చేత్తో పీట. ఆ ఇంట్లో అన్నేళ్ళున్నాడు గాని, వంటింట్లో కూకుని తినడం అదే మొదలు. పీటేసేడు. పక్కన చాప వేసేడు. ఆవిడకి కంచం పెట్టేడు. ఏ గిన్నె ఎక్కడుందో తెలీక వెతుక్కుని వెతుక్కుని అన్నం వడ్డించేడు. తన కంచంలో మిగిలిన ముక్కల్లో పెద్దది తీసి ఆవిడ కంచంలో పెట్టేడు. పెట్టి, "నువ్వూ కూకుని తిను. ఒక్కడి చప్పుడు ఏటి బాగుంటాది" అన్నాడు.

ఆవిడకి మొహమంతా వేడెక్కింది. అంత వయసొచ్చినా సిగ్గేసింది. వీధిలోకి వినపడతాదేమో అని గుమ్మం వైపు చూసింది. అయినా ముక్క తీసి పంటికింద పెట్టింది.

కరక్.

ఆయన తల పక్కకి వంచి విన్నాడు. పాట విన్నట్టు. ఆవిడ ఇంకోసారి కొరికింది. ఆయన కళ్ళు మూసుకుని, గోడకి తలానించి, నవ్వుతూ విన్నాడు. ఆవిడ ముక్కంతా తినేసింది. చూస్తే ఆయన కునుకు తీసినట్టున్నాడు. లేపుదామని చెయ్యి పట్టుకుంది.

ఇంక లేవలేదమ్మా తాత.

లేదులే, భయపడకు. నొప్పి ఏటీ లేదు. నవ్వు మొహం మీదే ఉండిపోయింది. వచ్చినోళ్ళందరూ, ఆఖర్న ఏమైనా అన్నారా, ఏమైనా అన్నారా అని అడిగేరు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కూతురికి కూడా చెప్పలేదు. గూట్లో బెల్లమ్ముక్క దాచుకున్నట్టు దాచుకుంది. గాని ఆ రోజునించీ ఒరుగులు నానబెట్టడం మానేసింది. వీధిలోకి వినపడితే వినపడనీ అని, కరకరా నమిలే తింటాది.

ఏటి? రోజూ మనింట్లో కరకరా నమిలేది నేనే కదా అంటావా? ఆ తాత మన తాతేనా అంటావా?

పేరు చెప్పకూడదన్నానా లేదా. మొగుడి పేరు పెళ్ళాం నోటెంట రాకూడదమ్మా. మాకలాగే నేర్పేరు. ఒక అలవాటు ఆయన మానిపించేడు, ఇది మాత్రం ఉండనీ.

కథ కంచికి, కాకరముక్క కంచంలోకి, మనం మంచంలోకి. కళ్ళు ముయ్యి.

ఏటే గౌరీ, గిన్నెలు సర్దడం అవలేదా? ఎంతసేపట్నించి నించున్నావు ఆ గుమ్మంలో? ఏడవకే, పిల్ల లేస్తాది. రా, ఇలాగ కూకో, మంచం మీద చోటుంది. రేపు కాకరకాయలు తెస్తావా? లేతవి చూసి తే. పాత మిషన్లు పట్టుకెళ్ళే కుర్రాడొస్తే లేదని చెప్పెయ్యి.

ఏటీ? నాన్న ఆఖర్న ఏమన్నారో మళ్ళీ చెప్పాలా? చెప్తాను, ఇటు జరుగు. ఆయన ఎలాగన్నాడో అలాగే చెప్తాను.

"నువ్వూ కూకుని తిను. ఒక్కడి చప్పుడు ఏటి బాగుంటాది."